దిమ్మ మీద మనిషి

రోమ్
1908 అక్టోబరు 25

పాల్మీరక్కకి,

నీ ఉత్తరం అంది పదిహేను రోజులైంది. జవాబు ఆలస్యమైందని నువ్వు తిట్టే తిట్లు పారిస్ నుంచి ఇక్కడికి వినపడవు కాబట్టి నిదానంగా రాస్తున్నాను.

శిల్పకళ అకాడమీలో చేరి ఏడాది దాటింది. నిరుడంతా ఎముకలే. కొక్కేనికి వేలాడే అస్థిపంజరం ఒకటుంది, మావాళ్ళు దాన్ని దొరసాని అంటారు. దొరసానిగారి తొడ ఎముకని ఆరు వైపుల నుంచీ గీశాను. ఇప్పుడు భోజనంలో కోడికాలు వడ్డిస్తే కీలు ఎక్కడ తిరుగుతుందా అని వెతుకుతున్నాను. నేను అద్దెకున్న ఇంటావిడ, "తింటావా, చదువుకుంటావా?" అని కసురుతుంది.

ఈ ఏడు మట్టి పని. ఇనుప తీగతో మనిషి ఆకారం కట్టి, దాని మీద ముందు ఎముకలు, ఆ పైన ఒక్కొక్క కండా మట్టితో పెట్టుకుంటూ రావాలి. ఏ కండ ఎక్కడ పుట్టి ఎక్కడ అతుక్కుంటుందో తెలియకపోతే చెయ్యి ఆగిపోతుంది. చర్మం మాత్రం వెయ్యకూడదు. తోలు ఒలిచిన మనిషిని నిలబెట్టాలన్నమాట. ఈస్టరు లోపు పూర్తి చేసినవాడికే పై తరగతి.

ఇందులో చిక్కేమిటంటే, మేం చూసి బొమ్మ చెయ్యడానికి దిమ్మ మీద నిలబెట్టేందుకు సరైన మనిషి దొరకలేదు. ఇప్పుడు వస్తున్నవాడు రొట్టెల దుకాణంలో పని చేసేవాడు. వాడి కండలన్నీ కొవ్వు కింద హాయిగా నిద్రపోతున్నాయి. రెండు నిమిషాలకోసారి కదులుతాడు. ప్రొఫెసరుగారు తల బాదుకుంటున్నారు. మన నాన్న లాంటి మనిషి నిలబడాలి అక్కా! ఒంట్లో చెంచాడు కొవ్వు లేదు, ఒక్కో నరం లెక్కపెట్టుకోవచ్చు. చిన్నప్పుడు మనం కదిలితే ఎలా మొట్టేవాడో గుర్తుందా? జపమాల రెండు చుట్లు తిరిగేదాకా నన్ను దేవదూత రెక్కలతో నిలబెట్టేవాడు.

నాతో చదివేవాళ్ళంతా వకీళ్ళ పిల్లలు, డాక్టర్ల పిల్లలు. నన్ను దేవదూతగా నిలబెట్టి బొమ్మలు వేసుకున్న ఆ ముసలి చిత్రకారుడు, పోతూ పోతూ నా చదువుకి ఏర్పాటు చేసి ఉండకపోతే, ఈ గడప తొక్కేవాణ్ణా? మన ఊరివాళ్ళు చిత్రకారుల ముందు నిలబడి బతుకుతారన్న సంగతి ఇక్కడ ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

బావకి నా నమస్కారాలు. ఎముకల మధ్య నుంచి,
నీ సిస్తో


పారిస్
1908 నవంబరు 8

ఒరేయ్ ఎముకల పండితుడా,

కోడికాలు కూడా ప్రశాంతంగా తిననివ్వని చదువు ఏం చదువురా నాయనా!

ఇక్కడ నా పని కూడా ఎముకలు విరిగేదే. ఏదో ఊరి పురపాలక భవనం మీదికి పంటల దేవతని చెక్కుతున్నారు. ఆ దేవతని నేనే. కొడవలి ఎత్తి పట్టుకుని పొద్దున్నుంచీ నిలబడాలి. సాయంత్రం ఇంటికొచ్చి గరిటె ఎత్తబోతే చెయ్యి లేవదు. మీ బావ, "దేవతా, ఇవాళ కూడా ఉడికించిన బంగాళాదుంపలేనా?" అని వేళాకోళం. నేను చచ్చాక కూడా ఆ మేడ మీద పావురాలు నా నెత్తిన రెట్టలు వేస్తూనే ఉంటాయి. అదీ నా కీర్తి.

బావ ప్లాస్టరు బొమ్మల అమ్మకం పరవాలేదు. నెపోలియన్లు పోతున్నారు, మేరీమాతలు పోవడం లేదు. ఏం మనుషులో!

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి బావకి చదివి వినిపించాను. నువ్వు అడగాలనుకున్నది సూటిగా అడగవని నాకు తెలుసు, చిన్నప్పటి నుంచీ అంతే. చక్కెర కావాలంటే చక్కెర డబ్బా బాగుందనేవాడివి. అర్థమైందిలే. నీకో మంచి కబురు వస్తుంది, ఏమిటని అడగకు. చెప్తే సరదా ఉండదు.

మేజోళ్ళు రెండు వేసుకో. రోమ్ చలి ఎముకలకి పడుతుంది, నువ్వు గీసేవాటికి కాదు, నీవాటికి.

పంటల దేవత,
పాల్మీర


రోమ్
1908 నవంబరు 29

అక్కా,

నాన్నని ఇక్కడికి పంపింది నువ్వేనా? నేను అడిగానా నిన్ను?

ఆయన వచ్చాడు. ప్రతి శుక్రవారం రమ్మన్నారు. ఊరి నుంచి స్టేషనుకి గాడిద మీద రెండు గంటలు, అక్కడి నుంచి రైలు, మళ్ళీ నడక. ఈ చలిలో, ఈ వయసులో ఎందుకిదంతా? పనీపాటా లేని ఆలోచనలు నీవి. మన ఊరి చర్చిలో చెలెస్తే ఫాదరుకి ఉత్తరం రాసి, ఇక రావద్దని నాన్నకి చెప్పించు. రోమ్‌లో వేరే చోట్ల బోలెడు పని దొరుకుతుంది.

నాకు పని ఉంది. ఇంతే.

సిస్తో


పారిస్
1908 డిసెంబరు 14

బంగారు తమ్ముడికి,

నాన్న కష్టం చూడలేక నా మీద అరిచావు చూడు, ఆ కోపానికి నా కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. పైకి రాయిలా ఉంటావు కానీ లోపల వెన్నవిరా. బావ కూడా అదే అన్నాడు.

కానీ నాన్న మానడు. పనిలేక ఊళ్ళో గోడలకి చేరగిలబడి రెండేళ్ళయింది. సెయింట్ జెరోముగా, సెయింట్ జోసెఫుగా ఏడు చర్చిల గోడల మీద ఉన్న మనిషి, ఇప్పుడు ఎవరూ పిలవక మేకలు కాస్తున్నాడు. నువ్వు రమ్మన్నావని నేను రాయగానే కొత్త కోటు తీశాడట. అత్తయ్యని కూర్చోబెట్టి నీకు చంబెల్లెలు, మన ఊరి గుండ్రటి రొట్టెలు, కాల్పించాడట, సోంపు ఎక్కువ వెయ్యి, మావాడికి ఇష్టం అని.

నాన్న ఫాదరు చేత రాయించిన ఉత్తరం నిన్ననే అందింది. చదివి దిగులు పడ్డాను. ఆ ముక్క అలాగే దింపుతున్నాను:

"మనవాడు బాగున్నాడు. ఒళ్ళు చేశాడు. నన్ను మాత్రం గుర్తుపట్టలేదు. గది చాలా పెద్దది, వాడు దూరంగా అవతలి చివర కూర్చున్నాడు. సన్నటి గీతలు గీసి గీసి కళ్ళు మసకబారినట్టున్నాయి. వాడిని ఏమీ అనకు. అక్కడ కళ్ళజోళ్ళు మంచివి దొరుకుతాయంటారు, ఒకటి పంపు."

సొంత తండ్రిని గుర్తుపట్టలేనంతగా కళ్ళు పాడుచేసుకుని, నాకు ఒక్క ముక్క రాయలేదే! నీకేం పుట్టింది? బావ స్నేహితుడు క్రిస్మసుకి రోమ్ వస్తున్నాడు, అతని చేత కళ్ళజోడు పంపుతున్నాను. పెట్టుకుని, వచ్చే శుక్రవారం నాన్నని కళ్ళారా చూడు. లేచి వెళ్ళి కావలించుకో. పాపం, పెద్దాయన ఎంత చిన్నబుచ్చుకున్నాడో!

నీ అక్క,
పాల్మీర


రోమ్
1909 జనవరి 3

అక్కా,

కళ్ళజోడు అందింది. పెట్టుకుంటే కళ్ళు తిరుగుతున్నాయి. నా కళ్ళకి ఏ రోగమూ లేదు.

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. చెప్పకపోతే ఊపిరాడేలా లేదు, చెప్తే నువ్వు నా ముఖం చూడవు. అయినా చెప్తున్నాను.

నేను నాన్నని గుర్తుపట్టాను. తలుపు తెరుచుకున్న మరుక్షణమే గుర్తుపట్టాను. ప్రొఫెసరుగారి వెనకాల కొత్త కోటుతో, కాళ్ళకి మన కొండ మనుషుల తోలుపట్టీల చెప్పులతో, చేతిలో మూటతో వచ్చాడు. గదిలో ఇరవై మందిమి. అందరి ముఖాలూ వెతుక్కుంటూ నా దగ్గర ఆగాడు. ముఖం చేటంత అయింది. నోరు తెరవబోయాడు.

నేను తల దించుకుని పెన్సిలు చెక్కడం మొదలుపెట్టాను.

మళ్ళీ తలెత్తేసరికి నాన్న నన్ను చూడటం మానేశాడు. మూట కిటికీ గట్టు మీద పెట్టి, తెర వెనక బట్టలు విప్పి, దిమ్మ ఎక్కి నిలబడ్డాడు. అలా నిలబడేవాణ్ణి మావాళ్ళు పుట్టాక చూడలేదు. ఈగ వాలినా కదల్లేదు. ప్రొఫెసరుగారు పొంగిపోయారు. "చూడండి, చూడండి, పుస్తకం తెరిచినట్టుంది ఈ వీపు" అన్నారు. అని, "వీపు కండలు ఎవరు చెప్తారు? వచ్చి ఆయన ఒంటి మీదే బొగ్గుతో గీసి చూపించండి" అన్నారు. అని, నన్ను పిలిచారు.

దూరంగా అవతలి చివర కూర్చున్నానని రాయించాడా నాన్న? అక్కా, నేను ఆయన వీపు మీద చెయ్యి వేశాను. ఈ చేత్తో. మెడ దగ్గర మొదలుపెట్టి, బుజం రెక్కల చుట్టూ తిప్పి, నడుము దాకా గీశాను. ఒక్కో కండ పేరూ గట్టిగా చెప్పాను. ఒక్కటి తప్పలేదు. నా వేళ్ళు తగలగానే ఒక్కసారి ఊపిరి బిగబట్టాడు, అంతే. లుదొవీకో అని వకీలు గారబ్బాయి ఒకడున్నాడు. వాడు వెనక నుంచి, "ముసలి గుర్రం ఇంకా బండి లాగేలా ఉందే!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పని అయ్యాక నాన్న మూట తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. ఎవరిదో తెలియదని లుదొవీకో విప్పాడు. చంబెల్లెలు. తలా ఒకటి పంచాడు. నాకూ ఒకటి ఇచ్చాడు. వద్దంటే ఎందుకంటాడోనని తిన్నాను. సోంపు బాగా వేసింది అత్తయ్య.

ఎందుకిలా చేశానంటే, చేరిన మొదటి వారమే లుదొవీకో మీ నాన్న ఏం చేస్తారని అడిగాడు. గోధుమల వ్యాపారం అన్నాను. ఎలా వచ్చిందో వచ్చింది ఆ మాట. ఆ తర్వాత ఎప్పుడో మన ఊరి ప్రస్తావన వస్తే, "సెయింట్లని అద్దెకిచ్చే ఊరు" అని వాడే నవ్వాడు. ఇక నోరెలా తెరవను?

నా మనసుకి నేను చెప్పుకున్న సాకు ఒకటుంది. దిమ్మ దగ్గర పలకరింపులు ఉండవు, సొంత తల్లి వచ్చినా చూడకూడదని నాన్నే కదా నేర్పాడు! నేను ఆ నియమమే పాటించాను అనుకున్నాను. తిట్టు. తిట్టించుకోవడానికే రాస్తున్నాను.

సిస్తో


పారిస్
1909 జనవరి 17

సిస్తోకి,

ఏరు దాటి తెప్ప తగలేసే రకానివి నువ్వు.

ఆ నియమం దిమ్మ మీద ఉన్నవాడికిరా. కింద నిలబడ్డవాడికి కాదు. నాన్న పాటించాడు, నువ్వు దాని వెనక దాక్కున్నావు. నియమమట! పదేళ్ళు రెక్కలు కట్టుకుని నిలబడి తిన్న రొట్టె నీది. ఆ వీపే లేకపోతే నీ తొడ ఎముకా లేదు, నీ దొరసానీ లేదు. సెయింట్ పీటరు కూడా ఏసుని ఎరగనన్నాడు, కానీ కోడి కూయగానే ఏడ్చాడు. నువ్వేం చేశావు? చంబెల్లె తిన్నావు.

ఇంకా నాకు మండేదేమిటో తెలుసా? తన కొడుకు తనని చూసి సిగ్గుపడ్డాడన్న సంగతి నాకు కూడా తెలియకూడదని నాన్న నీ కళ్ళ మీద నెపం పెట్టాడు. నేనొక వెర్రిదాన్ని, కళ్ళజోడు కొనడానికి దుకాణాలన్నీ తిరిగాను!

అందరి ముందూ చెప్పు. వచ్చే శుక్రవారమే చెప్పు. చెప్పేదాకా నాకు ఉత్తరం రాయకు.

పాల్మీర


పారిస్
1909 జనవరి 20

సిస్తో,

మొన్నటి ఉత్తరం పోస్టులో వేసి వస్తుంటే మెట్ల మీద మా ఇంటావిడ ఎదురైంది. "కుట్టుపని ఎలా ఉందమ్మా?" అంది. "బాగానే ఉందండీ" అన్నాను.

ఐదేళ్ళ నుంచీ ఆవిడకి నేను కుట్టుపని మనిషినే. బట్టల్లేకుండా నిలబడతానంటే ఇల్లు ఖాళీ చేయిస్తుందని మొదట్లో అన్న మాట అది. తర్వాత ఇరుగుపొరుగుకీ అదే చెప్పాను. ఒకసారి ఆవిడ లంగా ఒకటి తెచ్చి అంచు కుట్టమంటే, వీధి చివర దర్జీ దగ్గర కుట్టించి, నేనే కుట్టానని ఇచ్చాను.

అంటే నిన్ను తిట్టే ముఖం నాకూ లేదు. తిట్లు వెనక్కి తీసుకోవడం లేదు, అవి నీకు పడాల్సినవే. కానీ సగం నేనూ పంచుకుంటాను.

ఉత్తరం రాయి.

అక్క


రోమ్
1909 ఫిబ్రవరి 21

అక్కా,

చెప్పలేదు. నాలుగు శుక్రవారాలు గడిచాయి, తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

నాన్నతో విడిగా మాట్లాడదామని ఒకరోజు ముందే వెళ్ళి వీధి మలుపులో నిలబడ్డాను. దూరం నుంచే నన్ను చూసి, రోడ్డు దాటి అవతలి పక్క నుంచి నడిచి వెళ్ళిపోయాడు. కోపంతో కాదు. నాతో కనబడితే నాకు ఇబ్బందని. పైగా కాళ్ళకి చూస్తే ఆ తోలుపట్టీల చెప్పులు లేవు. ఎవరివో పాత బూట్లు తొడుక్కున్నాడు, వదులై కాళ్ళు ఈడుస్తున్నాడు. నాకోసమే మార్చాడు అక్కా. అది చూసి తల కొట్టేసినట్టయింది. గోడ పక్కకి తిరిగి ఏడ్చాను.

నా మట్టి బొమ్మ సగం పైన అయింది. మిగతావాళ్ళు కొలతలు తీసి, పుస్తకం చూసి, గుంజాటన పడుతున్నారు. నా చేతులు మాత్రం వాటంతట అవే వెళ్తున్నాయి. బరువు ఎడమ కాలి మీద వేస్తే నాన్న నడుము ఎలా ఒరుగుతుందో, మోకాలి చిప్ప పైన కండ ఎలా ముడి పడుతుందో నాకు చూడక్కర్లేదు. పోయిన వారం ప్రొఫెసరుగారు నా వెనక చాలాసేపు నిలబడి, "ఈ శరీరం నీకు పుట్టినప్పటి నుంచీ తెలిసినట్టు చేస్తున్నావు. ఎలాగయ్యా?" అన్నారు.

అప్పుడు చెప్పొచ్చు. తలుపు తీసి పట్టుకుని లోపలికి రమ్మన్నట్టే అడిగారు. దిమ్మ మీద నాన్న వింటున్నాడు.

"శ్రద్ధగా చూశాను సార్" అన్నాను.

అందరిలోకీ నాదే బాగా వస్తుందంటున్నారు. సొంత తండ్రి తోలు ఒలిచి, కండలు బయటపెట్టి, మార్కులు వేయించుకుంటున్నాను. ఆయన అందుకోసం ప్రతి వారం గాడిద ఎక్కి వస్తున్నాడు.

సిస్తో


పారిస్
1909 మార్చి 10

సిస్తో,

ఒక తప్పు చేశాను. ఆవేశం ఆపుకోలేక నాన్నకి రాశాను. "నీ కొడుకు నిన్ను చూసే తల దించుకున్నాడు, నాకంతా తెలిసింది, వాడిని వెనకేసుకు రాకు" అని. నాన్నకి చదువు రాదని, ఫాదరు చదివి వినిపించాలని ఆ కోపంలో గుర్తులేదు. ఆ ఫాదరేమో చెవిటిమనిషి, ప్రార్థన చదివినట్టు చదువుతాడు. వంటింట్లో అత్తయ్య, గుమ్మంలో ఇద్దరు ఇరుగమ్మలు. ఊరంతా పాకింది.

ఊళ్ళోవాళ్ళు మండిపడుతుంటే నాన్న ఏమన్నాడో తెలుసా? "పాల్మీర పొరబడింది. ఆ క్లాసులో మా సిస్తో లేడు. ఆ అబ్బాయి వేరే ఎవరో, కాస్త మావాడి పోలిక ఉంది, అంతే" అన్నాడట. చర్చి మెట్ల మీద నిలబడి నలుగురి ముందూ అన్నాడట. అబద్ధం ఆడటం రాని మనిషి, చర్చి మెట్ల మీద!

నీ సిగ్గు దాచాల్సిందిపోయి నేను ఊరంతా దండోరా వేయించాను. నాన్న దాన్ని మళ్ళీ దాస్తున్నాడు. మనిద్దరం కలిసి ఆయన్ని ఏం చేశాం రా?

మార్చి 26తో ఆయన పని అయిపోతుందట. ఆ తర్వాత రానక్కర్లేదన్నారట. ఇక నేనేమీ చెప్పను. నువ్వే చూసుకో.

అక్క


రోమ్
1909 మార్చి 27

పాల్మీరక్కకి,

నిన్న ఆఖరి శుక్రవారం. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పొద్దున్నే పొయ్యిలో బొగ్గులు అయిపోయాయి, గది మంచుగడ్డలా ఉంది. మేమంతా కోట్లు వేసుకునే పని చేస్తున్నాం. నాన్న ఒక్కడే దిమ్మ మీద, ఒంటి మీద నూలుపోగు లేకుండా. ప్రొఫెసరుగారు ఒక్కొక్కరి బొమ్మ దగ్గరా ఆగి మార్కులు వేస్తున్నారు. నా దగ్గరికి వచ్చారు. చుట్టూ తిరిగారు. "అందరూ ఇలా రండి" అన్నారు. వాళ్ళంతా చేరాక, "నేర్చుకోవడం అంటే ఇది. ఈ అబ్బాయిని చూసి మీరు సిగ్గుపడాలి" అన్నారు.

సిగ్గుపడాలట, నన్ను చూసి! ఆ మాటకి నాలో ఏదో తెగిపోయింది.

"సార్, ఇందులో నా గొప్ప లేదు. ఆయన మా నాన్న. పేరు అగాపీతో. మాది గోధుమల వ్యాపారం కాదు. నేను కూడా పదేళ్ళు ఇదే పని చేశాను" అన్నాను. గొంతు కీచుమంది, కానీ అన్నాను.

ప్రొఫెసరుగారు దిమ్మ వైపు తిరిగి, "ఏమయ్యా, నిజమేనా?" అన్నారు.

నాన్న కనురెప్ప కూడా కదపలేదు. పెదవులు మాత్రం కదిలాయి. "కాదండీ. అబ్బాయి పొరబడ్డాడు. నాకు రోమ్‌లో కొడుకెవడూ లేడు."

అందరూ పకపకా నవ్వారు. లుదొవీకో నా బుజం తట్టి, "నీకు జాలిగుండె ఎక్కువ గురూ. ముసలాయనకి ఆఖరి రోజు బహుమతి ఇద్దామనుకున్నావా?" అన్నాడు. ప్రొఫెసరుగారు కూడా చిరునవ్వు నవ్వి, ముందుకి కదిలారు. అంతే, అయిపోయింది. అక్కడితో నేను ఊరుకుంటే అందరికీ మంచివాణ్ణి, నాన్నకి ఏమీ కాను. ఊరుకోవచ్చని ఒక్క క్షణం అనిపించింది కూడా. నీ దగ్గర దాచి ఏం లాభం, నిజంగా అనిపించింది.

తర్వాత ఏం చేశానో నాకే సరిగ్గా తెలియదు. కోటు విప్పాను, చొక్కా విప్పాను. దిమ్మ ఎక్కి నాన్న పక్కన, వాళ్ళందరికీ వీపు పెట్టి, బరువు ఎడమ కాలి మీద వేసి ఆయన నిలబడ్డట్టే నిలబడ్డాను. పన్నెండేళ్ళయింది దిమ్మ ఎక్కి. ఒళ్ళు మరిచిపోలేదు.

"మీరు నేర్పిన చదువే కదా సార్, చూసి చెప్పండి" అన్నాను.

నవ్వులు ఇంకా పూర్తిగా ఆగలేదు. ప్రొఫెసరుగారి బూట్ల చప్పుడు దగ్గరికి వచ్చింది. ఆయన బొటనవేలు ముందు నాన్న బుజం రెక్క మీద, తర్వాత నా బుజం రెక్క మీద పడటం తెలిసింది. మళ్ళీ నాన్న వెన్నుపూస మీద, మళ్ళీ నా మీద. నాన్నకి ఎడమ రెక్క కింది కొస కాస్త బయటికి తిరిగి ఉంటుంది. నా వీపు నేనెప్పుడూ చూసుకోలేదు కాబట్టి నాదీ అంతేనని నాకు తెలియదు. "తండ్రీ కొడుకులే" అన్నారాయన, చాలా నెమ్మదిగా. అని, తల మీది టోపీ తీశారు. ఆ తర్వాత గదిలో ఎవరూ నవ్వలేదు.

నేను కదలకుండా నిలబడ్డాను. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. నాన్న ముఖం చూసే ధైర్యం లేదు. నీ కొడుకునేనని ఆయన మీద గెలిచి నిరూపించాను కానీ, ఆయనకి కావాలో వద్దో అడగలేదని అప్పుడు తట్టింది. నాలుగు నెలలు ఆయన్ని దాచింది నేను. నాలుగు నెలలు నా తప్పు దాచిపెట్టింది ఆయన. క్షమించమని అడగడానికి కూడా ముఖం చెల్లలేదు.

నలభై ఏళ్ళ నుంచీ దిమ్మ మీద తుమ్ము కూడా తుమ్మని మనిషి, అక్కా, పని గంట మోగకముందే కదిలాడు. కాళ్ళ దగ్గర పడి ఉన్న నా చొక్కా వంగి తీశాడు. దులిపాడు.

"తొడుక్కోరా వెధవా, చలి పడుతుంది" అన్నాడు.

అగాపీతో కొడుకు,
సిస్తో